పునరుత్థాన పండుగ: ఇంటి ఆచారాలకు ఒక వ్యాఖ్యానం

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఈస్టర్ చర్చిలో ఎంత జరుగుతుందో ఇంట్లోనూ అంతే జరుగుతుంది. మట్టలతో సిలువలు అల్లుతారు. శుక్రవారం ఒక్కపొద్దు ఉంటారు. శనివారం సమాధులకు సున్నం వేస్తారు. ఆదివారం తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళతారు. మధ్యాహ్నం విందు. ఈమధ్య పట్టణాల్లో పిల్లలకు రంగు గుడ్లు కూడా వచ్చి చేరాయి. ఇవన్నీ ఎందుకని అడిగితే చాలా ఇళ్లలో ఒకటే జవాబు వస్తుంది: అమ్మమ్మ చేసేది, మేమూ చేస్తున్నాం. ఆ జవాబులో తప్పు లేదు. కానీ అది సగం జవాబు. ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెబుతుంది, ఎవరి కోసం చేస్తున్నామో చెప్పదు.

కాబట్టి ఒక్కొక్క ఆచారాన్నీ విడిగా తీసుకుందాం. అది ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, క్రీస్తు పునరుత్థానంతో దానికి నిజంగా ఉన్న సంబంధం ఏపాటిది అనే మూడు సంగతులు చూద్దాం. 'నిజంగా' అన్నది ఊరికే వేసిన మాట కాదు. లేని అర్థాన్ని అంటగడితే పిల్లలు పెద్దయ్యాక దాన్ని కనిపెడతారు. ఆ ఒక్కదానితోపాటు ఉన్న అర్థాలన్నిటినీ అనుమానిస్తారు.

ఆచారం

ఆచారం అంటే మళ్లీ మళ్లీ చేయడం వల్ల స్థిరపడిన పని. ఈస్టర్ ఆచారాలు మూడు రకాలు. మొదటి రకం సంఘటన నుంచి పుట్టినవి. అంటే సువార్తల్లో ఎవరో ఒక పని చేశారు, మనం ఆ పనినే మళ్లీ చేస్తున్నాం. రెండో రకం నియమం నుంచి పుట్టినవి. అంటే సంఘం ఉపవాసమనో ప్రార్థన అనో ఒక క్రమం పెట్టుకుంది, దాని ఫలితంగా ఒక అలవాటు వచ్చింది. మూడో రకం ఊరి నుంచి పుట్టినవి. అంటే ఒక దేశంలో పిల్లల ముచ్చటగా మొదలై పండుగలో కలిసిపోయినవి. మూడింటికీ ఇంట్లో చోటు ఉండవచ్చు. అయితే మూడింటికీ ఒకే బరువు ఇవ్వకూడదు. ఏది ఏ రకమో తెలిసి చేయడమే అర్థం తెలుసుకోవడంలో మొదటి మెట్టు.

పండుగ పేరు

మన దగ్గర ఈ పండుగకు మూడు పేర్లున్నాయి: ఈస్టర్, పునరుత్థాన పండుగ, పాస్కా. మూడోది కతోలిక సంఘంలో ఎక్కువ వినిపిస్తుంది. ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఈస్టర్ అన్యదేవత పండుగ అని కొందరు గట్టిగా చెబుతారు. దీనికి ఆధారం 8వ శతాబ్దపు ఇంగ్లండు సన్యాసి బీడ్ 725లో రాసిన కాలగణన గ్రంథం. అందులో ఆయన చెప్పింది ఇంతే: ఇంగ్లండులో ఏప్రిల్ ప్రాంతపు నెలకు ఎయోస్త్రే అనే దేవత పేరు ఉండేది, ఆ నెలలో వచ్చే పాస్కా పండుగకు జనం ఆ నెల పేరే పెట్టుకున్నారు. అంటే నెల పేరు పండుగకు వచ్చింది, అంతకుమించి లేదు. పండుగ అప్పటికే శతాబ్దాల పాతది. దాని తేదీ గురించి 325లో నైసియా సభ నిర్ణయం చేసింది. గ్రీకు, లాటిన్, సిరియాక్ సంఘాలు దాన్ని మొదటి నుంచీ పాస్కా పేరుతోనే పిలిచాయి.

తేదీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. కాబట్టి అది మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. ఇక్కడ పౌర్ణమి అంటే సంఘం లెక్కగట్టిన పౌర్ణమి. ఆకాశంలో కనిపించేదానికీ దీనికీ ఒకటి రెండు రోజుల తేడా ఉండవచ్చు. ఈ పౌర్ణమి లెక్క పస్కా నుంచి వచ్చింది, ఎందుకంటే ఇశ్రాయేలీయుల పస్కా నిండు చంద్రుడి రాత్రి జరిగేది.

నలభై దినాలు

లెంట్, శ్రమల దినాలు, తపస్సు కాలం: సంఘాన్ని బట్టి పేరు మారుతుంది. మన దగ్గర దీన్ని పాటించని సంఘాలూ ఉన్నాయి. ఇది రెండో రకం, అంటే నియమం నుంచి పుట్టింది. యేసు అరణ్యంలో 40 దినాలు ఉపవాసమున్న సంగతి (మత్తయి 4:2) దీనికి ఆధారం.

లెక్కలో ఒక సందేహం వస్తుంది. లెంట్ మొదలయ్యే బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందటి శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి, నలభై రావు. మధ్యలో వచ్చే 6 ఆదివారాలను తీసేస్తే సరిగ్గా 40. ఆదివారాలను ఎందుకు తీసేయాలి? ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే కాబట్టి. ప్రభువు లేచిన రోజున దుఃఖోపవాసం ఉండకూడదని తొలి సంఘం నియమం. అంటే శ్రమల దినాల నడుమ కూడా వారానికొకసారి ఈస్టర్ వస్తూనే ఉంది.

ఈ రోజుల్లో ఇంట్లో మాంసం మానేస్తారు. కొందరు టీ మానేస్తారు, పిల్లలు మిఠాయి మానేస్తారు. మానేయడం ఒక్కదాన్నే ఉపవాసం అనలేం. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవాడితో అన్నం పంచుకోవడం. అంటే మానేసిన వస్తువు విలువ ఇంకొకరి కంచంలోకి వెళ్లాలి. కొన్ని ఇళ్లలో వంటకు బియ్యం కొలిచేటప్పుడు రోజుకొక పిడికెడు పక్కన పెట్టి, చివర్లో లేనివాళ్లకు ఇస్తారు. ఉపవాసం అర్థాన్ని పిల్లలకు కళ్లకు కట్టే పద్ధతి ఇంతకంటే మంచిది లేదు. పక్కన పెట్టిన డబ్బాలో బియ్యం పెరుగుతుండడం వాళ్లు రోజూ చూస్తారు.

మట్టలు

ఈస్టర్‌కు ముందటి ఆదివారం మట్టల ఆదివారం. మట్ట అంటే తాటి, ఈత, కొబ్బరి జాతి చెట్ల ఆకు, కాడతో సహా. ఈ ఆచారం మొదటి రకం: యేసు గాడిద నెక్కి యెరూషలేములోకి వచ్చినప్పుడు జనం చేసిన పనినే మనమూ చేస్తున్నాం.

సువార్తలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఖర్జూరపు మట్టలని స్పష్టంగా చెప్పినవాడు యోహాను ఒక్కడే (12:13). మత్తయి, మార్కు చెట్ల కొమ్మలన్నారు. లూకా బట్టలు పరిచిన సంగతే చెప్పాడు, కొమ్మల ఊసే లేదు. మన ఊళ్లలో ఖర్జూరం దొరకదు కాబట్టి ఈతమట్టలు, కొబ్బరి మట్టలు వాడతారు. ఇందులో ఈత ఖర్జూరానికి పరాయిది కాదు. వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకే ప్రజాతి. ఈతమట్ట మొదట్లో ముళ్లుంటాయి, ఆకు కొన సూదిలా ఉంటుంది. పెద్దవాళ్లు కత్తితో ముళ్లు చెక్కి, కొనలు తుంచి పిల్లల చేతికిస్తారు. తర్వాత పొడవాటి ఆకొకటి చీల్చి, మధ్యలో మడిచి, అడ్డంగా ఇంకో మడత తిప్పి, మిగిలిన కొసను వెనక నుంచి దూర్చి లాగితే సిలువ తయారవుతుంది.

మట్టకు అప్పట్లో ఉన్న అర్థం విజయం. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో సీమోను మక్కబీయుడు యెరూషలేము కోటను శత్రువుల నుంచి విడిపించుకుని మట్టలతోనే లోపలికి వెళ్లాడు. కాబట్టి యేసు ముందు మట్టలు ఊపినవాళ్లు కోరుకుంటున్నది రోమీయులను తరిమే రాజును. 'హోసన్నా' అన్న కేకను చాలామంది జేజేలు అనుకుంటారు. మొదట అది ప్రార్థన, అంటే 'ఇప్పుడే రక్షించు' అని (కీర్తన 118:25). వాళ్లు అడిగిన రక్షణ వేరు, ఆయన ఇచ్చిన రక్షణ వేరు. మట్టను సిలువగా మడిచినప్పుడు ఈ రెండూ ఒకే ఆకులో కలుస్తాయి: విజయ చిహ్నం సిలువ ఆకారంలోకి వచ్చింది. ఈ మడత అర్థం పిల్లలకు చెప్పాలి.

ఇంకొక అపోహ. ఆదివారం హోసన్నా అన్న జనమే శుక్రవారం సిలువ వేయమన్నారని ప్రసంగాల్లో తరచుగా వింటాం. సువార్తలు ఆ మాట చెప్పవు. మొదటి గుంపులో ఎక్కువమంది పండుగకు వచ్చిన యాత్రికులు, గలిలయ నుంచి వెంట వచ్చిన శిష్యులు. రెండో గుంపును ప్రధాన యాజకులు పురికొల్పారు. మనిషి మనసు చంచలమన్నది నిజమే గానీ, దానికి ఈ రెండు గుంపులను సాక్ష్యంగా తేలేం.

అల్లిన సిలువను బైబిల్లో గానీ ఫొటో వెనక గానీ ఏడాదంతా ఉంచడం చాలా ఇళ్లలో ఉంది. కతోలిక సంఘాల్లోనూ మరికొన్ని సంఘాల్లోనూ ఆ ఎండిన మట్టలను కాల్చి, ఆ బూడిదనే మరుసటి ఏడు బూడిద బుధవారం నుదుట పెడతారు. అంటే నిరుటి జయధ్వానమే ఈ ఏటి పశ్చాత్తాపానికి బూడిద అవుతుంది. ఇంట్లో ఆ సిలువ తాయెత్తు కాదు. దాని పని జ్ఞాపకం చేయడం, అంతే.

ఏడు మాటలు

శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా జరిగే ఆరాధనలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను వరుసగా ధ్యానిస్తారు. ఇక్కడ మాట అంటే పలుకు, అంటే ఒక పూర్తి వాక్యం. 12 నుంచి 3 దాకా అన్నది దేశమంతా చీకటి కమ్మిన మూడు గంటలు (మార్కు 15:33). ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కుల్లో కలిపి ఒకటి. ఈ మూడు గంటల ఆరాధనకు రూపమిచ్చినవాడు పెరూ దేశంలోని లిమా నగరంలో 17వ శతాబ్దంలో ఉన్న జెస్యూట్ గురువు అలోన్సో మెస్సియా. కతోలికుల దగ్గర మొదలైన ఈ పద్ధతిని ఈరోజు తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలు తమదిగా చేసుకున్నాయి. మాటకొక ప్రసంగీకుణ్ణి ముందే నిర్ణయిస్తారు. యువకులకూ స్త్రీలకూ ఒక్కో మాట ఇచ్చే సంఘాలున్నాయి. ఇంట్లో ఎవరికైనా మాట వచ్చిందంటే ఆ వారమంతా ఇల్లంతా ఆ వాక్యాన్నే చదువుతుంది.

వీటిలో కుటుంబానికి సంబంధించినది మూడో మాట (యోహాను 19:26-27). యేసు తన తల్లిని ప్రియశిష్యుడికి, శిష్యుణ్ణి తల్లికి అప్పగించాడు. ఆనాటి నుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంటికి తీసుకెళ్లాడు. దీన్ని తల్లిని చూసుకోవాలన్న నీతిగా చెప్పి ఆపేస్తుంటారు. ఆ నీతి అందులో ఉంది. అంతకంటే లోతైనదీ ఉంది: రక్తసంబంధం లేని ఇద్దరిని సిలువ తల్లీకొడుకులను చేసింది. కాబట్టి ఈస్టర్ కుటుంబ పండుగ అన్నప్పుడు కుటుంబం అంటే మన రేషన్ కార్డులో పేర్లున్నవాళ్లే కాదు. ఒంటరిగా ఉన్న పక్కింటి పెద్దావిడ, ఊరికి కొత్తగా వచ్చిన హాస్టల్ కుర్రాడు కూడా ఆ లెక్కలోకి వస్తారు.

మూడవ దినం

శుక్రవారం మధ్యాహ్నం మరణించి ఆదివారం తెల్లవారుజామున లేస్తే మూడు రోజులు ఎలా అయ్యాయని పిల్లలు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. గంటల్లో చూస్తే 40కి కాస్త అటూ ఇటూ. జవాబు లెక్కించే పద్ధతిలో ఉంది. యూదులు మొదటి రోజునూ చివరి రోజునూ కలిపి లెక్కించేవారు. మనమూ అంతే: శుక్రవారం మొదలైన మూడు రోజుల ఉజ్జీవ సభలు ఆదివారంతో ముగుస్తాయి. 'మూడవ దినం' అంటే 72 గంటల తర్వాత అని కాదు, లెక్కలో మూడోదైన రోజున అని.

సమాధుల తోట

ఈ వ్యాఖ్యానంలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. తెలుగు క్రైస్తవుల ఈస్టర్‌కు ప్రత్యేకమైన అందం ఇక్కడుంది.

శనివారం సాయంత్రానికి కుటుంబాలు తోటకు చేరతాయి. గడ్డి చెక్కుతారు. బకెట్లో సున్నం కలిపి సమాధికి రెండు పూతలు వేస్తారు. సన్నని కుంచెతో ఎవరో ఒకరు పేరూ తేదీలూ నల్లరంగుతో మళ్లీ దిద్దుతారు. అక్షరాలు దిద్దే పని తరచుగా చేతిరాత బాగున్న పిల్లలకు వస్తుంది. ఎన్నడూ చూడని ముత్తాత పేరు వాళ్ల చేతి మీదుగా తిరిగి నల్లబడుతుంది. ఆదివారం చీకటి ఉండగానే బంతిపూలు, కొవ్వొత్తులతో అందరూ వస్తారు. గాలికి ఆరకుండా కోసిన ప్లాస్టిక్ సీసాలు కొవ్వొత్తులకు అడ్డుపెడతారు. పాటలు, వాక్యం, ప్రార్థన. ఇంతలో తెల్లారుతుంది.

ఇది మొదటి రకం ఆచారం, సంఘటన నుంచి పుట్టినది. ఆ ఆదివారం స్త్రీలు సమాధి దగ్గరికి వెళ్లిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. ఇంకా చీకటి ఉందని యోహాను అంటాడు (20:1). వాళ్ల చేతిలో సుగంధద్రవ్యాలున్నాయని మార్కు, లూకా చెబుతారు. అంటే వాళ్లు పునరుత్థానాన్ని చూద్దామని వెళ్లలేదు. శవానికి చేయవలసిన చివరి సేవ చేద్దామని వెళ్లారు. మన ఇంటివాళ్ల సమాధుల దగ్గరికి మనం వెళ్లేదీ అలాంటి ప్రేమతోనే. వాళ్లకు అక్కడ అందిన వార్తే మనకూ అక్కడే అందాలని ఆ చోట ఆరాధన పెట్టుకున్నాం. ఈ పద్ధతికి స్పష్టంగా కనిపించే చరిత్ర కూడా ఉంది. 1732లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ సంఘపు యువకులు ఈస్టర్ తెల్లవారుజామున శ్మశానానికి వెళ్లి పాటలు పాడారు. తర్వాత ఆ సంఘం వెళ్లిన చోటల్లా ఆ ఆరాధన వెళ్లింది.

సున్నం గురించి ఒక మాట. యేసు కాలంలోనూ పస్కాకు ముందు సమాధులకు సున్నం గుర్తులు పెట్టేవారు. ఎందుకంటే సమాధిని తాకినవాడు ఏడు రోజులు అపవిత్రుడు (సంఖ్యాకాండము 19:16). పండుగకు వచ్చే యాత్రికుడు తెలియక తొక్కితే పండుగే పోతుంది. అంటే అప్పటి సున్నం దూరంగా ఉండమని చెప్పేది. మన సున్నం దగ్గరికి రమ్మని పిలుస్తుంది. అదే సున్నం, అదే కాలం, అర్థం తిరగబడింది. తిరగబడడానికి కారణం ఒక్కటే: ఒక సమాధి ఖాళీ అయింది. పండుగ ఉదయాన్నే సమాధుల మధ్య పిల్లలను నిలబెట్టడానికి మనకు ధైర్యం అక్కడి నుంచి వచ్చింది.

ఇక అపోహలు. ఇది పితృకర్మ వంటిదని కొందరు అనుకుంటారు. తద్దినంలో పిండం చనిపోయినవారికి అందుతుందన్న నమ్మకంతో పెడతారు. ఇక్కడ చనిపోయినవారికి ఏమీ అందించడం లేదు. పూలూ వెలుగూ బతికున్నవాళ్ల సాక్ష్యం. ఇది మృతుల కోసం ప్రార్థన అని ఇంకొందరు అనుకుంటారు. కతోలికులు నవంబరు 2న మృతుల స్మరణ దినాన అలా ప్రార్థిస్తారు. ప్రొటెస్టెంటు సంఘాలు సాధారణంగా ప్రార్థించవు. ఈస్టర్ ఉదయపు ఆరాధన మాత్రం ఇద్దరికీ ఒకే అర్థంలో జరుగుతుంది: క్రీస్తు లేచాడు, కాబట్టి వీళ్లూ లేస్తారు. పౌలు క్రీస్తును ప్రథమఫలం అన్నాడు (1 కొరింథీయులకు 15:20). ప్రథమఫలం అంటే కోతలో మొదట చేతికొచ్చిన పంట. మొదటిది వచ్చిందంటే మిగతాది పొలంలో ఉన్నట్టే.

పునరుత్థానం

ఆ ఉదయం తోటలో ఏ నమ్మకం చెబుతున్నామో కచ్చితంగా తెలియాలి. 'తాతయ్య ఆత్మ దేవుడి దగ్గరుంది' అన్నది క్రైస్తవ నమ్మకమే గానీ, ఈస్టర్ చెప్పేది అంతటితో ఆగదు. శరీరం నశించినా ఆత్మ నిలుస్తుందన్నది గ్రీకు తాత్వికులూ చెప్పారు, మన దేశంలోనూ చెప్పారు. పునరుత్థానం అంటే శరీరంతో లేవడం. లేచిన యేసు గాయాలు చూపించాడు, కాల్చిన చేపముక్క తిన్నాడు (లూకా 24:39-43).

మరోవైపు, ఇది యేసు బతికించిన లాజరు లేచినట్టు లేవడమూ కాదు. లాజరు పాత బతుకులోకే తిరిగొచ్చాడు, మళ్లీ చనిపోయాడు. క్రీస్తు ఇక చనిపోడు (రోమీయులకు 6:9). కాబట్టి మూడు సంగతులను విడదీసి చెప్పాలి: ఆత్మ నిలవడం ఒకటి, ప్రాణం తిరిగి రావడం రెండు, చావు అంటని శరీరంతో లేవడం మూడు. ఈస్టర్ మూడోది. సమాధి దగ్గర నిలబడడానికి అర్థం ఇందులోనే ఉంది. ఆత్మ సంగతే అయితే ఆరాధన ఎక్కడైనా పెట్టుకోవచ్చు. దేహం గురించిన వాగ్దానం కాబట్టి దేహం ఉన్న చోటికి వెళుతున్నాం.

కొవ్వొత్తి

తోటలో వెలిగించే కొవ్వొత్తికి పెద్దన్న వంటిది కతోలిక గుళ్లలో శనివారం రాత్రి వెలిగించే పాస్కా కొవ్వొత్తి. దాని మీద సిలువ, గ్రీకు అక్షరమాలలోని మొదటి చివరి అక్షరాలు, ఆ సంవత్సరపు అంకెలు చెక్కుతారు. క్రీస్తు ఐదు గాయాలకు గుర్తుగా ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చుతారు. కొత్తగా రాజేసిన నిప్పు నుంచి దాన్ని వెలిగించి, దాని నుంచి అందరి కొవ్వొత్తులూ వెలిగిస్తారు. ఆ తర్వాత అదే కొవ్వొత్తి బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు వెలుగుతుంది, మనిషిని సాగనంపేటప్పుడు శవపేటిక దగ్గరా వెలుగుతుంది. పుట్టుకకూ చావుకూ ఒకే వెలుగు సాక్షి. ఇంటి కొవ్వొత్తికీ ఇదే అర్థం చాలు.

గుడ్డు

గుడ్డు రెండో రకం, నియమం నుంచి పుట్టింది. మధ్యయుగాల్లో ఐరోపాలో శ్రమల దినాలంతా మాంసంతోపాటు గుడ్లూ నిషిద్ధం. మనుషులు ఉపవాసమున్నా కోళ్లు గుడ్లు పెట్టడం మానవు. పండుగ నాటికి ఇళ్లలో గుడ్లు పేరుకుపోయేవి. వాటిని ఉడికించి, రంగులద్ది, గుళ్లో ఆశీర్వదింపజేసి పంచుకునేవారు. 1290లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు ఇంటి లెక్కల్లో, పంచడానికి 450 గుడ్లకు 18 పెన్నీలు ఖర్చు రాసి ఉంది. తూర్పు సంఘాల్లో గుడ్లకు ఎర్రరంగు వేస్తారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా.

అంటే గుడ్డుకు మొదటి అర్థం ఉపవాసం ముగిసిందన్న సంతోషం. గుడ్డు సమాధి, పెంకు పగలడం సమాధి తెరుచుకోవడం అన్నది తర్వాత వచ్చిన వ్యాఖ్య. ఆ వ్యాఖ్య అందమైనదే, సండే స్కూల్లో చెప్పవచ్చు. దాని హద్దు కూడా చెప్పాలి. పిల్ల బయటికి రావడం గుడ్డు స్వభావం, వేళ అయితే వస్తుంది. సమాధి స్వభావం అది కాదు. ఎంతకాలం ఆగినా సమాధి తనంతట తాను ఎవరినీ ఇవ్వదు. క్రీస్తును దేవుడు లేపాడు. కాబట్టి పోలిక బయటికి రావడం వరకే, కారణం దగ్గర పనికిరాదు. ఇంకో మాట: శ్రమల దినాల్లో గుడ్డు మానని ఇంట్లో ఈస్టర్ గుడ్డు సగం అర్థం పోగొట్టుకుంటుంది. మానినవాడికే తినడంలో పండుగ తెలుస్తుంది.

కుందేలు

ఇది మూడో రకం, ఊరి ముచ్చట. గుడ్లు తెచ్చే చెవుల పిల్లి గురించి 1682లో జర్మన్ వైద్యుడు గేయోర్గ్ ఫ్రాంక్ ఫొన్ ఫ్రాంకెనౌ రాశాడు. ఆల్సేస్ ప్రాంతంలో పిల్లలకు పెద్దలు చెప్పే కథగా దాన్ని పేర్కొన్నాడు. జర్మన్ వలసదారులతో అది అమెరికా చేరింది. అక్కడి నుంచి చాక్లెట్ రూపంలో హైదరాబాదు దుకాణాలకూ వచ్చింది.

ఇది ఎయోస్త్రే దేవత కుందేలు అన్న మాట ప్రచారంలో ఉంది. బీడ్ రాతలో కుందేలూ లేదు, గుడ్డూ లేదు. ఆ జతకట్టడం 19వ శతాబ్దపు ఊహ. కాబట్టి కుందేలును చూసి భయపడనక్కరలేదు. అలాగే దానికి క్రైస్తవార్థం వెతకనూ అక్కరలేదు. పిల్లలు సరదాపడితే సరదాగానే ఉండనివ్వాలి. అడిగితే అది పిల్లల కథ అని చెప్పాలి. ఇలా చెప్పగలిగిన తల్లిదండ్రులు ఖాళీ సమాధి సంగతి కథ కాదని చెప్పినప్పుడు ఆ మాటకు విలువ ఉంటుంది.

భోజనం

తోట నుంచి వచ్చాక చర్చి ఆవరణలో టీ, టిఫిన్. మధ్యాహ్నం ఇంట్లో మాంసం కూర, బిర్యానీ. దీన్ని ఉపవాసం తర్వాత నోటిరుచి తీర్చుకోవడం అని తేలిగ్గా తీసేయకూడదు. దీనికి వాక్యంలో రెండు వేళ్లున్నాయి.

మొదటిది పస్కా గొర్రెపిల్ల. నిర్గమకాండము 12వ అధ్యాయం ప్రకారం పస్కాను దేవాలయంలో మొదలుపెట్టలేదు, ఇంటింటా మొదలుపెట్టారు. ఇంటికొక గొర్రెపిల్ల, ద్వారబంధాలకు రక్తం. ఇంట్లో మనుషులు తక్కువైతే పొరుగింటితో కలిసి తినాలి (12:4). యేసు సిలువ మీద ఉండగా ఆయన ఎముక ఒక్కటీ విరగలేదని యోహాను ప్రత్యేకంగా రాసింది (19:36) పస్కా పిల్ల నియమాన్ని తలచుకునే. క్రీస్తే మన పస్కా అని పౌలు చెప్పాడు (1 కొరింథీయులకు 5:7). అయితే ఒక తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి. మన ఇంట్లో కోసిన మాంసం బలి కాదు. బలి ఒక్కసారే జరిగింది, సిలువ మీద. మనది బలి అయ్యాక పెట్టిన విందు.

రెండోది లేచిన ప్రభువు భోజనాలు. ఎమ్మాయులో రొట్టె విరిచినప్పుడు ఇద్దరు శిష్యులు ఆయనను గుర్తుపట్టారు (లూకా 24:30-31). తిబెరియ సముద్రతీరాన ఆయనే నిప్పులు చేసి, చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యులను పొద్దున్నే తినడానికి పిలిచాడు (యోహాను 21:9-12). అంటే పునరుత్థానం తర్వాత ప్రభువు తన వాళ్లను కలుసుకున్న చోట్లలో భోజనం ముఖ్యమైనది. చర్చి ఆవరణలో టిఫిన్ వడ్డించేవాళ్లకు ఈ సంగతి తెలిస్తే వాళ్ల పని ఎంత పెద్దదో తెలుస్తుంది.

పిల్లల ప్రశ్న

చివరి అంశం ఇది. దీన్ని ఆచారంగా ఎవరూ లెక్కపెట్టరు గానీ, వాక్యం దీన్ని ఆచారంలో భాగం చేసింది. పస్కా నియమాలు చెబుతూనే, ఈ ఆచారానికి అర్థమేమిటని పిల్లలు అడుగుతారనీ, అడిగినప్పుడు ఏమి చెప్పాలో కూడా నిర్గమకాండము చెబుతుంది (12:26-27). యూదుల ఇళ్లలో ఈరోజుకీ పస్కా రాత్రి బల్ల దగ్గర చిన్నపిల్లలే ప్రశ్నలు అడుగుతారు. అంటే ప్రశ్నా జవాబూ లేకుండా చేసిన పస్కా అసంపూర్ణం. ఇంటి ఆచారంలో అర్థం ఎక్కడుంటుందన్న ప్రశ్నకు సరైన జవాబు ఇక్కడ దొరుకుతుంది. మట్టలోనో సున్నంలోనో గుడ్డులోనో అర్థం దానంతట అది ఉండదు. పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పినప్పుడు ఆ వస్తువుకు అర్థం వస్తుంది.

చెప్పే క్రమం కూడా ఉంది. ముందు మనం చేస్తున్న పని ఏమిటో చెప్పాలి. తర్వాత అది సంఘటన నుంచి వచ్చిందో, నియమం నుంచి వచ్చిందో, ఊరి నుంచి వచ్చిందో ఉన్నదున్నట్టు చెప్పాలి. చివరగా యేసు విషయంలో జరిగిన సంగతి చెప్పాలి: సిలువ మీద చనిపోయాడు, సమాధిలో పెట్టారు, మూడవ దినాన దేవుడు ఆయనను శరీరంతో లేపాడు, మనల్నీ లేపుతాడు. మొదటి రెండూ చెప్పి మూడోది వదిలేస్తే మిగిలేది సంస్కృతి పాఠం. మూడోది మాత్రమే చెప్పి మొదటి రెంటిలో సర్దుబాటు చేస్తే పిల్లలకు మన మాట మీద నమ్మకం సడలుతుంది. మూడూ నిజాయితీగా చెప్పిన ఇంట్లో ఆచారాలు కొన్ని తగ్గినా నష్టం లేదు, కొత్తవి కొన్ని కలిసినా భయం లేదు. ఎందుకంటే ఆ ఇంటి పిల్లలకు ఏది మారవచ్చో తెలుసు, ఏది మారదో కూడా తెలుసు.